నలుగురే చేతులెత్తే తరగతిలో మిగతావాళ్లను పలికించడం ఎలా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. నగర శివారులోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఈ ఏడాదే గణిత ఉపాధ్యాయులుగా చేరారు. ఏడో తరగతిలో నలభై ఆరు మంది పిల్లలున్నారు. ఎంత సిద్ధపడి వెళ్లినా ముందు వరుసలోని నలుగురైదుగురు తప్ప ఎవరూ నోరు విప్పడం లేదు. "అర్థమైందా?" అని అడిగితే తరగతి మొత్తం ఒక్క గొంతుతో "అయ్యింది సార్" అంటుంది, మర్నాడు స్లిప్ టెస్టు పెడితే సగం కాగితాలు తెల్లగా తిరిగొస్తాయి. కొట్టకుండా, అరవకుండా వీళ్లను పాఠంలోకి రప్పించే మార్గం ఏమిటని అడిగారు.

సూటిగా చెబుతాను. "అర్థమైందా?" అని అడగడం రేపటి నుంచే మానేయండి. ప్రతి పీరియడులో ఒక్కసారైనా తరగతిలోని అందరి చేతా ఒకే ప్రశ్నకు జవాబు రాయించండి, అందులో వచ్చిన తప్పు జవాబును ముందుగా చర్చకు తీసుకోండి. ఆకర్షణీయంగా బోధించడం, బొమ్మలు, వీడియోలు, ఆటలు అన్నీ దీని తర్వాతే. తన జవాబును మాష్టారు పట్టించుకుంటారని, అది తప్పైనా నవ్వులపాలు కాదని నమ్మకం కుదిరితే పిల్లవాడు తనంతట తానే పాఠంలోకి వస్తాడు. ఆ నమ్మకం కుదరనంతవరకు మనం బోర్డు దగ్గర ఎన్ని విన్యాసాలు చేసినా వినోదంగా చూసి ఊరుకుంటాడు.

నేను ఇరవై నాలుగేళ్లుగా హైదరాబాదులోని ప్రభుత్వ పాఠశాలల్లో గణితం చెబుతున్నాను, అందులో తొమ్మిదేళ్లు పాతబస్తీలో. పైన చెప్పిన పద్ధతి నాకు ఏ శిక్షణ తరగతిలోనూ దొరకలేదు. నేను చేసిన ఒక పొరపాటు వల్ల అబ్బింది కనుక ఆ సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

చార్మినారుకు కూతవేటు దూరంలో ఉన్న బడిలో ఆరో తరగతికి దశాంశాలు చెబుతున్న రోజులవి. 2.8, 2.10లలో ఏది పెద్దదో నోటుబుక్కుల్లో రాయమన్నాను. ఒక అమ్మాయి 2.10 పెద్దదని రాసింది. ఎనిమిది కన్నా పది పెద్దది కదా అని పొరపడి ఉంటుందనుకుని ఎర్రసిరాతో తప్పు వేశాను, 2.10 అన్నా 2.1 అన్నా ఒకటేనని, అది 2.8 కన్నా చిన్నదని బోర్డు మీద చూపించి ముందుకు వెళ్లిపోయాను. ఆ అమ్మాయి లేచి ఏదో చెప్పబోయింది. "ముందు బోర్డు చూడమ్మా" అని కూర్చోబెట్టాను. ఆ తర్వాత దాదాపు మూడు నెలలపాటు ఆమె నా పీరియడులో పెదవి కదపలేదు. అల్లరి చేసేవాళ్లు కంట్లో పడినట్టు మౌనంగా కూర్చున్నవాళ్లు పడరు కాబట్టి ఆ సంగతి నేను గమనించనూ లేదు.

సంక్రాంతి ముందు లాడ్‌బజారులో గాజులు కొనడానికి వెళ్లాను. దుకాణదారు చూపించిన జతను పక్కకు జరిపి, "ఇవి రెండు ఎనిమిదా? మా ఆడపడుచుకు ఇవి పట్టవు, ఇంతకన్నా పెద్దవి, రెండు పది ఉంటే తీయండి" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గాని నాకు వెలగలేదు. గాజుల కొలతను 2.8 అని రాసి రెండు ఎనిమిది అని చదువుతారు, అందులోని చుక్క దశాంశ బిందువు కాదు. రూపాయికి పదహారు అణాలు ఉండే రోజుల్లోలాగా అక్కడ అంగుళాన్ని పదహారు భాగాలు చేసి లెక్కపెడతారు. రెండు నాలుగు అంటే రెండుంబావు అంగుళాలు, రెండు ఎనిమిది అంటే రెండున్నర అంగుళాలు, రెండు పది అంటే రెండు అంగుళాల మీద పదహారింట పది భాగాలు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే రెండు ఎనిమిది గాజు లోపలి వ్యాసం 63.5, రెండు పది గాజుది సుమారు 66.7. ఆ అమ్మాయి తల్లి, అమ్మమ్మ ఇంట్లో కూర్చుని లక్కగాజులకు రాళ్లు అద్దే పని చేసేవారు. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి 2.10 ఎప్పుడూ 2.8 కన్నా పెద్దదే. తప్పు వేసిన నా చేతికి ఆ రోజు రెండు ఆరు గాజులు ఉన్నాయి.

సెలవుల తర్వాత నాలుగు సైజుల గాజులు బడికి పట్టుకెళ్లి, ఆ అమ్మాయిని బోర్డు దగ్గరకు పిలిచి, "నీ జవాబు మీ ఇంటి లెక్కలో సరైనదే, నేను అడగకుండా తప్పు వేశాను. అదెలాగో నువ్వే చెప్పు" అన్నాను. ఆమె మొదట నా ముఖం వంక అనుమానంగా చూసింది. తర్వాత ఒక గాజులో ఇంకో గాజు ఇమిడేలా పెట్టి చూపించింది. రెండు నాలుగును దశాంశంలో రాస్తే 2.4 కాకుండా 2.25 ఎందుకవుతుందో తరగతి అంతా కలిసి లెక్క కట్టింది. వెనక బెంచీలోంచి ఎప్పుడూ మాట్లాడని కుర్రాడొకడు, "మరి క్రికెట్టులో 4.5 ఓవర్ల తర్వాత ఇంకో బంతి వేస్తే 5 ఓవర్లు అంటారు కదా మేడం, అదీ దశాంశం కాదా?" అని అడిగాడు. ఇంకొకరు గడియారం ఎత్తుకున్నారు: రెండున్నర గంటలను 2.30 అని రాస్తాం, 2.5 అని రాయం, ఎందుకని? చుక్క తర్వాతి అంకె పదింట ఎన్ని భాగాలో చెప్పేదే దశాంశమని, ఓవర్లో ఆ చుక్క ఆరింటిలో, గంటలో అరవైలో, గాజులో పదహారింటిలో లెక్క చెబుతుందని ఆ పీరియడు ముగిసేలోగా పిల్లలే తేల్చారు. నేను నెల రోజులు చెప్పినా అంత స్పష్టంగా చెప్పగలిగేదాన్ని కాదు.

ప్రతి తప్పు వెనకా ఒక లాడ్‌బజారు ఉంటుందని అనను. చాలా తప్పులు ఉత్త పరధ్యానం, ఎక్కాలు రాకపోవడం, పక్కవాడి నోటుబుక్కు సరిగా కనబడకపోవడం. అయితే ఏది ఏ రకమో అడగకుండా తెలియదు.

ఇక ఆచరణ. నా తరగతిలో ప్రతి ఒక్కరికీ ఒక చిన్న పలక ఉంటుంది. బేగంబజారులో టోకున కొన్నాను, పెద్ద పిల్లలు మొదట్లో "ఒకటో తరగతి పలకలా?" అని సిగ్గుపడ్డారు గాని వారం తర్వాత ఎవరికీ పట్టలేదు. పలకలు కుదరకపోతే రఫ్ నోటుబుక్కు చివరి పేజీ చాలు. పీరియడు మొదలైన ఐదు నిమిషాల్లో బోర్డు మీద ఒక ప్రశ్న రాస్తాను. ఎవరూ పైకి చెప్పకూడదు, పక్కకు చూడకూడదు. నేను మూడు లెక్కపెట్టగానే అందరూ ఒక్కసారే పలకలు పైకెత్తాలి. ఆ పది సెకన్లలో తరగతి మొత్తం జవాబులు నా కళ్లబడతాయి. నలుగురు చేతులెత్తే పద్ధతిలో ఆ నలుగురి సంగతి తప్ప మనకు ఏమీ తెలియదు, వాళ్ల సంగతి మనకు ముందే తెలుసు.

ప్రశ్నను ఎంచుకోవడంలోనే ఉపాధ్యాయుడి పనితనమంతా ఉంది. తప్పు జవాబు చూస్తే పిల్లవాడి ఆలోచన తెలిసిపోయేలా ప్రశ్న ఉండాలి. మీ ఏడో తరగతికే ఉదాహరణ చెబుతాను. 0.7, 0.35లలో ఏది పెద్దది అని ఒక్క జత అడిగితే చాలదు. దాని పక్కనే 0.4, 0.83 అని రెండో జత కూడా ఇవ్వండి. 0.35, 0.83 అని రాసినవాళ్లు చుక్కను పక్కనబెట్టి మామూలు సంఖ్యల్లా చదువుతున్నారు. 0.7, 0.4 అని రాసినవాళ్లు "చుక్క తర్వాత అంకెలు పెరిగితే విలువ తగ్గుతుంది" అని ఎక్కడో విన్న సగం మాటను పట్టుకున్నారు. మొదటి జత ఒక్కటే అడిగి ఉంటే వీళ్లకు మనం సరైన జవాబని మార్కు వేసేవాళ్లం. 0.7, 0.83 అని రాసినవాళ్లకే విషయం తెలుసునని చెప్పవచ్చు. రెండు జతలతో తరగతి మూడు గుంపులుగా మీ కళ్లముందు విడిపోతుంది, ఎవరికి ఏమి చెప్పాలో తేలిపోతుంది.

భిన్నాల్లోనూ అంతే. 1/3 + 1/4 = 2/7 అని రాసిన పిల్లవాణ్ణి తిట్టే ముందు, వాడు అలా కలపడం ఎక్కడ చూశాడో ఆలోచించండి. మొదటి టెస్టులో మూడింటికి ఒకటి, రెండో టెస్టులో నాలుగింటికి ఒకటి వస్తే మొత్తం ఏడింటికి రెండు అని మార్కుల రిజిస్టరులో కలిపేది మనమే. అక్కడ అది చెల్లుతుంది, ఒకే రొట్టెలో ముక్కలు కలిపేటప్పుడు చెల్లదు. "మూడో వంతుకు ఇంకో ముక్క చేర్చాం కదా, మరి 2/7 మూడో వంతు కన్నా తగ్గిందేమిటి?" అని ఆ పిల్లవాడినే అడిగితే కాసేపటికి తనే తల గోక్కుంటాడు.

తప్పు జవాబును చర్చకు పెట్టేటప్పుడు అది ఎవరిదో మాత్రం ఎప్పుడూ చెప్పను. పలకలు దించాక బోర్డు మీద మూడు జవాబులూ రాసి, "ఈ రెండోది రాసినవారు ఏమని ఆలోచించి ఉంటారు?" అని అడుగుతాను. తప్పును వేరేవాళ్లు వివరించడం వింటూ, రాసిన పిల్లవాడు తలవంచుకోకుండానే దిద్దుకుంటాడు. కొన్ని వారాలు గడిచాక "అది నాదే మేడం" అని వాళ్లే లేచి చెప్పే రోజు వస్తుంది. ఆ మాట ఎవరి నోట వచ్చినా, ఆ తరగతి దారిలో పడిందని నా లెక్క.

ప్రశ్న వేశాక ఆగండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లో రికార్డు చేసిన సంభాషణలను పరిశీలించి, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా వస్తున్నాయని, అంతవరకు మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడుతున్నారని చూపించారు. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది గాని బోర్డు ముందు నిలబడినవారికి అది యుగంలా ఉంటుంది. నేను మనసులో ఐదు అంకెలు లెక్కపెడతాను, అప్పటికీ ఎవరూ కదలకపోతే కిటికీ దాకా నడిచి వెనక్కి వస్తాను. మొదటి నెలలో ఆ నిశ్శబ్దం భరించలేక నా ప్రశ్నకు నేనే జవాబు చెప్పేసుకున్న సందర్భాలు ఎన్నో.

ఆసక్తి కలిగించడం గురించి కూడా అడిగారు. దీనికి ఖర్చుపెట్టి కొన్న సామగ్రి కన్నా, అందరూ నమ్మిన విషయం మీద పందెం బాగా పనిచేస్తుందని నా అనుభవం. ఉదాహరణకు, "మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి నీడ ఉండదు" అన్నది నిజమా కాదా అని జూన్‌లో బడి తెరవగానే అడుగుతాను. దాదాపు అందరూ నిజమే అంటారు, తోటి ఉపాధ్యాయులతో సహా. ఎవరి అంచనా వారు నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోవాలి. తర్వాత ఆవరణలో మీటరు పొడవు కర్రను నిటారుగా పాతి, మధ్యాహ్న భోజనానికి ముందూ వెనకా నీడ కొస దగ్గర సుద్దతో గుర్తులు పెట్టిస్తాను. జూలై మొదట్లో అతి పొట్టి నీడ కూడా పది సెంటీమీటర్ల దాకా ఉంటుంది, పైగా అది దక్షిణం వైపు పడుతుంది. సూర్యుడు మనకు ఉత్తరాన ఉన్నాడా అని పిల్లలు నోరెళ్లబెడతారు.

హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక సూర్యుడు ఏడాదిలో రెండే రెండుసార్లు, మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ, సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే నెలలో బడికి సెలవులు కాబట్టి మనకు మిగిలేది ఆగస్టే. అప్పుడైనా నీడ మాయమయ్యేది పన్నెండింటికి కాదు, 12 గంటల 23 నిమిషాలకు. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, మనం దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉన్నాం, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదహారు నిమిషాలు. మిగతా ఆరేడు నిమిషాలు భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగకపోవడం వల్లా దాని అక్షం వంపు వల్లా వచ్చేవి. ఇందులో లెక్క, భూగోళం, భౌతికశాస్త్రం అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఆగస్టులో మబ్బుల బెడద తప్పదు. ఒక ఏడాది రెండు సెక్షన్ల పిల్లలు కర్ర చుట్టూ అరగంట నిలబడితే సూర్యుడు కనీసం ముఖం చూపించలేదు. పాఠం చెడిందని నేను దిగులుపడ్డాను గాని, మర్నాడూ ఆ మర్నాడూ గంట కొట్టకముందే పిల్లలు కర్ర దగ్గర కాపు కాశారు. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా నీడ లేనట్టే ఉంటుందని వాళ్లే కనుక్కున్నారు.

పిల్లలు మాట్లాడకపోవడానికి మీరు ప్రస్తావించని కారణం ఇంకొకటి ఉండవచ్చు, అది భాష. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది, పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా వచ్చాయి. పిల్లవాడికి లెక్క తెలిసినా దాన్ని ఇంగ్లీషులో చెప్పలేక ఊరుకుంటాడు, మనం రాదనుకుంటాం. నా తరగతిలో ఆలోచన ఏ భాషలోనైనా చెప్పవచ్చు. తెలుగు, ఉర్దూ, లంబాడీ, దక్కనీ హిందీ, ఏదైనా సరే. అర్థం కుదిరాక లవం, హారం పక్కన న్యూమరేటర్, డినామినేటర్ అని బోర్డు మీద రాసి, పరీక్షలో ఈ మాటలే వస్తాయని చెప్పి, ఆ మాటలతోనే ఇంకోసారి చెప్పిస్తాను. మాట ముందు, పదం తర్వాత. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు మీ శివారు బడిలో తప్పకుండా ఉంటారు. వాళ్ల యాసను చూసి తరగతి నవ్వితే ఆ రోజు పాఠం ఆపి అయినా ఆ సంగతి చూడండి.

కొట్టడం గురించి ఎక్కువ చెప్పను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం రాకముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను బెత్తం పట్టుకున్నాను. తరగతి నిశ్శబ్దమైంది, ప్రశ్నలూ ఆగిపోయాయి. ఇప్పుడు నా తరగతిలో గోల ఉంటుంది. హెడ్మాస్టరు ఒకసారి గుమ్మంలో నిలబడి చూసి వెళ్లారు. గోల లెక్క గురించా, వేరే దేని గురించా అన్నది రెండు నిమిషాలు వింటే ఎవరికైనా తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. ఈ పద్ధతితో మొదటి రెండు నెలలు సిలబస్ వెనకబడుతుంది, ఇది ముందే ఒప్పుకోవాలి. నేను అభ్యాసాల్లో ఒకే రకం లెక్కలను తగ్గించి ఆ సమయాన్ని రాబట్టుకుంటాను. పదో తరగతికి సంక్రాంతి తర్వాత ఇంత తీరిక దొరకదు. అప్పుడు పాత ప్రశ్నపత్రాలే గతి, ఆ సంగతిలో నేను మీకు వేరే మాట చెబితే అబద్ధమవుతుంది. ఇక పాఠంతో సంబంధం లేని కారణాలను ముందుగా చూడండి. బోర్డు మీది లెక్కను ఎప్పుడూ తప్పుగా ఎక్కించుకునే కుర్రాణ్ణి ఏడాదిపాటు సోమరి అనుకున్నాను, తీరా వాడికి చూపు మందగించింది. బడికి వచ్చే ఆరోగ్య బృందం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల కళ్లు పరీక్షిస్తుంది. వాళ్లు రావడం ఆలస్యమైతే మెహిదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి తల్లిదండ్రులను పంపండి. మొదటి పీరియడులో తూగే పిల్లలను పొద్దున ఏమి తిన్నారని మెల్లగా, విడిగా అడగండి.

అన్నీ చేసినా అందరూ నిలవరు. తొమ్మిదో తరగతిలో నా దగ్గర చురుగ్గా లెక్కలు చేసిన అబ్బాయి తండ్రికి దెబ్బ తగిలాక మెకానిక్ షెడ్డులో చేరాడు. మూడుసార్లు ఇంటికి వెళ్లాను, తిరిగి రాలేదు. అప్పటి నుంచి పిల్లలకు దారి చూపే మాట పదో తరగతి దాకా వాయిదా వేయడం మానేశాను. ఎనిమిదో తరగతిలోనే ఇంటర్ ఒక్కటే దారి కాదని, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయవచ్చని, చేతి వృత్తులు నేర్పే ఐటీఐ ఉందని, పదో తరగతి మార్కులతో బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు దొరుకుతుందని తల్లిదండ్రుల సమావేశంలో చెబుతాను. చాలామంది ఆ పేర్లు మొదటిసారి వింటారు.

మీరు రేపు చేయవలసింది ఒక్కటే. పైన చెప్పిన రెండు జతల దశాంశాలను బోర్డు మీద రాసి, రఫ్ నోటుబుక్కుల్లో జవాబులు రాయించి, ఒక్కసారే ఎత్తించి, మూడు గుంపుల్లో ఎంతమంది చొప్పున ఉన్నారో రాసుకోండి. ఆ మూడు అంకెలు ఇక్కడ పెడితే మీ నలభై ఆరు మందికి తర్వాతి వారం ఏ ప్రశ్నలు వేయాలో చెబుతాను.